రాజమండ్రి నుంచి మూడు బోటు ప్రయాణాలు: పాపికొండలు, కోరింగ, దిండి

రాజమండ్రిలో దిగి బోటు ట్రిప్పుల గురించి వాకబు చేస్తే మూడు పేర్లు వినిపిస్తాయి: పాపికొండలు, కోరింగ మడ అడవులు, కోనసీమలోని దిండి. ఏజెంట్లు మూడింటినీ ఒకే గుక్కలో చెప్తారు గానీ వాటికి ఒకదానితో ఒకటి పోలిక లేదు. పాపికొండల బోటు గోదావరి మట్టం చూసి కదులుతుంది, కోరింగ బోటు సముద్రపు పోటు చూసి కదులుతుంది. దిండిలో చూసుకోవాల్సింది ఎండ, గాలి. ముందు గది, రైలు టికెట్ ఖాయం చేసుకుని బోటు సంగతి వచ్చాక చూద్దాం అనుకునేవాళ్ల ప్లానే ఎక్కువగా చెడిపోతుంది. ఇంకో సంగతి, రాజమండ్రి పాపికొండలకు మాత్రమే సరైన మకాం. మిగతా రెండింటికీ రోజూ ఇక్కణ్ణుంచి వెళ్లి రావాలనుకుంటే సగం రోజు కారులోనే గడుస్తుంది.

పాపికొండలతో మొదలుపెడదాం, ఎక్కువ మంది వచ్చేది దానికోసమే.

పుష్కర ఘాట్‌లో బోటెక్కి తిన్నగా పాపికొండలకు వెళ్లిపోతామనే ఊహ ఇంకా చాలామందికి ఉంది. మధ్యలో పోలవరం ప్రాజెక్టు ఉంది. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు, ఇప్పుడు బోట్లన్నీ దానికి ఎగువనే ఎక్కాలి. రాజమండ్రి ఒడ్డు వైపు గండి పోచమ్మ గుడి దగ్గర, పోలవరం వైపు సింగన్నపల్లి దగ్గర రేవులున్నాయి. టికెట్ కొనేటప్పుడు ఏ రేవులో ఎక్కాలి, రాజమండ్రి నుంచి అక్కడిదాకా బస్సు టికెట్లోనే ఉందా అని అడగాలి. దూరం నలభై కిలోమీటర్ల చుట్టుపక్కల, బస్సులో గంటన్నర వేసుకోండి. ఆ బస్సు ఉదయం ఏడు ప్రాంతంలోనే బయల్దేరుతుంది కాబట్టి హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి తెల్లవారుజామున దిగి, అదే రోజు బోటు పెట్టుకోవడం జూదమే. రైలు రెండు గంటలు ఆలస్యమైతే బస్సు ఆగదు, టికెట్ డబ్బూ సాధారణంగా తిరిగి రాదు. ముందురోజు సాయంత్రానికే ఊరు చేరితే ఆ బెంగ ఉండదు, పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి కూడా చూడొచ్చు.

లాడ్జి విషయంలో ఒక్కటి చూసుకుంటే చాలు: చెకౌట్ 24 గంటల పద్ధతా, మధ్యాహ్నం 12 గంటల పద్ధతా. పాపికొండల రోజు ఉదయం ఆరున్నరకు గది వదిలి, రాత్రి ఏడెనిమిదికి తిరిగొస్తారు. 12 గంటల పద్ధతైతే ఆ రోజు గదిలో లేకపోయినా రెండో రోజు అద్దె పడుతుంది. సామాను కింద పెట్టుకోనిస్తామని, వచ్చాక స్నానానికి వీలు చేస్తామని ఒప్పుకునే లాడ్జి అయితే ఒక రోజు అద్దె మిగులుతుంది. బస్సు ఎక్కించుకునే చోటు అడిగి దానికి దగ్గర్లో దిగడం మేలు. ఆరున్నరకు ఆటో కోసం తిరగడం కంటే ఓ వంద ఎక్కువైనా అదే నయం.

ఏ నెలలో అన్నది మరీ ముఖ్యం. జూలై నుంచి అక్టోబరు దాకా వరద కాలం, బోట్లు సాధారణంగా ఆపేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచు దట్టంగా పడితే బయల్దేరడం ఆలస్యమవుతుంది. కార్తీక మాసం ఆదివారాలు మాత్రం తప్పించుకోండి, వనభోజనాల జనంతో రేవు నిండిపోతుంది. పులస తినాలి, పాపికొండలూ చూడాలి అని ఒకే ట్రిప్పులో ఆశపడేవాళ్లు ఉంటారు. పులస వరద ఎర్రనీటికి ఎదురీదుతూ వస్తుంది, ఆ ఎర్రనీరే బోట్లను ఆపుతుంది. రెండూ కలిసి రావు.

సీజన్ అంచుల్లో, అంటే జూన్ చివర, అక్టోబరు చివర వెళ్లేవాళ్లు నది వార్తలు చదవడం నేర్చుకోవాలి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. మొదటి హెచ్చరిక నాటికి బ్యారేజీ నుంచి సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతుంటాయి. ఈ లెక్క ఒడ్డున ఉన్న ఊళ్ల కోసం పెట్టింది, బోట్ల కోసం కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పున్నమి బోటు మునిగిన రోజున ప్రవాహం అందులో సగమే, 5 లక్షల క్యూసెక్కుల చుట్టుపక్కల. అందుకే "హెచ్చరిక ఇంకా రాలేదు కదా" అనే మాటకు ఇక్కడ విలువ లేదు. గండి పోచమ్మ గుడిలోకి నీళ్లొచ్చాయన్న వార్త కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా ఆ వారం ప్రయాణం మానుకోవచ్చు. భద్రాచలంలో నీరు పెరిగిన మర్నాటికి కింద కూడా పెరుగుతుంది, అక్కడి మట్టం చూస్తే ఒక రోజు ముందే తెలుస్తుంది.

ఆ ప్రమాదం తర్వాతే బోట్లు బయల్దేరే చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. గండి పోచమ్మ, సింగన్నపల్లి, పేరంటాలపల్లి, పోచవరం వాటిలో ఉన్నాయి. కంట్రోల్ రూమ్ అనుమతిస్తేనే బోటు కదలాలి, ఎక్కేవాళ్ల పేర్లు రాసుకోవాలి. ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. ఫోన్లో ఉందిలే అనుకుంటే దాని ఫొటో ముందే తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే దేవీపట్నం దాటాక సిగ్నల్ నమ్మకం లేదు. పేర్లు రాయకుండా ఎక్కించుకునే బోటు ఎంత చవకైనా దిగిపోవడమే మంచిది.

లైఫ్ జాకెట్ గురించి అందరూ చెప్తారు, ఎలా చూడాలో చెప్పరు. అన్ని క్లిప్పులూ పెట్టుకుని, పట్టీలు బిగించి, పక్కనున్నవాళ్లను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి ముక్కు దాకా వచ్చిందంటే అది వదులు. నీళ్లలో అది మునిగినవాళ్ల తల మీదుగా జారిపోతుంది. పిల్లలకు పెద్దల జాకెట్ కట్టడం పనికిరాదు, చిన్న సైజు ఉందో లేదో టికెట్ కొనేటప్పుడే అడగాలి. భోజనానికి కూర్చున్నప్పుడు ఉక్కగా ఉందని విప్పేస్తారు. నది తిరిగే మలుపుల్లో, ముఖ్యంగా కచ్చులూరు మందం అనే మలుపు దాటేటప్పుడు విప్పకండి. కింది ఏసీ గదికి ఎక్కువ డబ్బు తీసుకుంటారు, దానికంటే పై డెక్కే మేలు. అద్దాల వెనక నుంచి కొండలు సగమే కనిపిస్తాయి, బయటికి వచ్చే దారీ ఇరుకు. మైకు హోరు మాత్రం పైనే ఎక్కువ. డ్యాన్సులు, పాటలు లేని బోటు దొరకడం అరుదు.

టికెట్ వెయ్యికి పైనే ఉంటుంది, టిఫిను, శాకాహార భోజనం అందులోనే. ఒకే బోటుకు ఊళ్లో నలుగురైదుగురు ఏజెంట్లు టికెట్లు అమ్ముతారు, ధరలో తేడా వాళ్ల కమీషనే. బోటు పేరు చెప్పలేని ఏజెంటుకు పూర్తి డబ్బు కట్టకండి. కంట్రోల్ రూమ్ ఉదయాన్నే ఆపేస్తే మొత్తం తిరిగిస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నది మెసేజీలో రాయించుకోండి.

అసలు ఇరుకు, అంటే రెండువైపులా కొండలు దగ్గరపడే చోటు, వెళ్లే దారిలో చివర్లో వస్తుంది. పొద్దున్నే ఫొటోలు తీసి ఫోన్ బ్యాటరీ అయిపోగొట్టుకుంటే అప్పటికి ఏమీ మిగలదు. పేరంటాలపల్లిలో దిగి శివాలయం, మునివాటం (ఆశ్రమం) చూడ్డానికి కొద్దిసేపే ఇస్తారు. అక్కడ కొండరెడ్డి గిరిజనులు అమ్మే వెదురు వస్తువులకు చిల్లర దగ్గరుంచుకోండి. మెట్లు ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు బోటులోనే ఉండొచ్చు. కొల్లూరు దగ్గర వెదురు గుడిసెల్లో రాత్రి బస అని అమ్మితే, ఆ వారం అనుమతి, నీటి మట్టం రెండూ తేలాకే డబ్బు కట్టాలి.

భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంత దూరం చుట్టూ తిరిగే పని లేదు. పోచవరం రేవులో ఎక్కితే బోటు మీద ఉండే సమయం తక్కువ, చూసేది ఆ ఇరుకే. రాముణ్ణి దర్శించుకుని వెళ్లే తెలంగాణ కుటుంబాలకు ఇదే సులువు.

కోరింగ దారి వేరు. రాజమండ్రి నుంచి కాకినాడ అరవై ఐదు కిలోమీటర్లు అటూ ఇటూగా, అక్కణ్ణుంచి యానాం రోడ్డులో ఇంకో పదిహేను, పద్దెనిమిది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవిలో చెక్క దారి మీద నడక, కాలువలో బోటు రెండూ ఉంటాయి. ఇక్కడ జనం మోసపోయేది గడియారం దగ్గర. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, కాలువలో బురదే మిగులుతుంది, బోటు కదలదు. ఎనభై కిలోమీటర్లు వచ్చి గేటు దగ్గర "ఇప్పుడు బోటు లేదండీ" అన్న మాట విని తిరిగి వెళ్లేవాళ్లు చాలామంది.

పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. ఇవాళ ఉదయం 9కి పోటు ఉంటే రేపు 9:50కి, వారం తర్వాత మధ్యాహ్నం మూడు దగ్గర్లో. కాబట్టి స్నేహితుడు పోయిన వారం పదింటికి బోటెక్కాడంటే మీకూ అదే టైము కుదురుతుందని కాదు. కాకినాడ పోర్టు పోటు వేళలు నెట్‌లో దొరుకుతాయి, కాలువ లోపలికి నీరు చేరడానికి ఇంకాస్త సమయం పడుతుంది. పోటుకు రెండు గంటల ముందు నుంచి, తర్వాత గంట దాకా వెళ్లేలా చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి చుట్టూ పోటూ ఎక్కువే, పాటూ ఎక్కువే. ఆ రోజుల్లో వేళ తప్పితే బురదే చూడాలి.

అయితే పక్షులు, పీతలు, మడ చెట్ల ఊపిరివేళ్లు చూడాలంటే పాటే మంచిది, బురద మీద తిండికి కొంగలు దిగేది అప్పుడే. రెండూ కావాలంటే పాటు చివర్లో వచ్చి చెక్క దారి మీద నడిచి, నీరెక్కాక బోటెక్కాలి. దానికి మూడు, నాలుగు గంటలు కావాలి. దోమల మందు మరవద్దు. హోప్ ఐలాండ్‌కు చేపల పడవ మీద తీసుకెళ్తామని ఎవరైనా బేరం పెడితే వద్దనండి. జాకెట్లుండవు, పేర్లు రాసుకునే నాథుడుండడు, బయట సముద్రం.

కోరింగ అయ్యాక రాజమండ్రికి వెనక్కి రావడం అనవసరం. అదే రోడ్డు పట్టుకుని యానాం వెళ్లి, గోదావరి గౌతమి పాయ మీద బాలయోగి వారధి దాటితే ఎదుర్లంక, అక్కణ్ణుంచి అమలాపురం, రాజోలు, దిండి. సాయంత్రానికి వశిష్ఠ పాయ ఒడ్డున ఉంటారు.

దిండిలో హౌస్‌బోటు అనగానే కేరళను ఊహించుకుంటారు. అక్కడిలా ఇళ్ల మధ్య నుంచి పోయే కాలువలు కావు, ఇది వెడల్పాటి పాయ. కోనసీమ పంట కాలువల్లో వంతెనలు, లాకులు అడ్డు, పెద్ద బోట్లు అందులోకి రావు. కాబట్టి కొబ్బరి తోటలు కాస్త దూరంగానే కనిపిస్తాయి. డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు: బోటు ఎన్ని గంటలు కదులుతుంది, ఏసీ పగలు కూడా ఉంటుందా రాత్రే ఉంటుందా, జనరేటర్ ఎక్కడ పెట్టారు. రాత్రంతా ఒడ్డుకు కట్టేసి ఉంచే బోటులో, తల కింద జనరేటర్ మోతతో పడుకోవడం కంటే ఒడ్డున టూరిజం వాళ్ల రిసార్టులో గది తీసుకుని, సాయంత్రం గంట బోటు షికారు చేయడం చాలామందికి నచ్చుతుంది, ఖర్చూ తక్కువ. నాలుగున్నర తర్వాత ఎక్కండి. మార్చి దాటితే పగటి బోటు ఊసే వద్దు. సంక్రాంతి నాలుగు రోజులూ కోనసీమలో గది దొరకదు, దొరికినా ధర నోట చెప్పలేం.

దిండి ఒక్కటే చూడాలనుకునేవాళ్లు అసలు రాజమండ్రి రానక్కర్లేదు. నర్సాపురం రైలెక్కి పాలకొల్లులో దిగితే చించినాడ వంతెన దాటగానే దిండి. తిరుగు ప్రయాణానికీ అదే స్టేషన్ దగ్గర. అంతర్వేది గుడి కూడా చూస్తామంటే, దర్శనం అయ్యాక సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టు) ఎక్కి నర్సాపురం వైపు దాటొచ్చు, బండ్లను కూడా ఎక్కించుకుంటారు. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, భీష్మ ఏకాదశి రథోత్సవం నాడు క్యూ పెద్దది. ఆ రోజుల్లో రైలుకు టైము తక్కువుంటే చించినాడ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడమే నికరం.