ఒపినెల్ నంబర్ 8: ఎవరికి నప్పుతుంది, ఎవరికి నప్పదు

మడత చాకు కొనేవాళ్లు ముందుగా అడిగేది "బాగా తెగుతుందా?" అని. ఒపినెల్ నంబర్ 8 గురించైతే ఆ ప్రశ్నకి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. తెగుతుంది. ఈ ధరలో నేను వాడిన వాటిలో ఇంత చక్కగా తెగే చాకు ఇంకొకటి లేదు. అయినా దీన్ని కొన్నవాళ్లలో కొందరు రోజూ జేబులో పెట్టుకు తిరుగుతారు, కొందరు నెల తిరక్కుండా సొరుగులో పడేస్తారు. తేడా అంతా వాడాక తుడిచే అలవాటు దగ్గర, చెక్క పిడితో సర్దుకుపోయే ఓపిక దగ్గర వస్తుంది. కొనేముందు ఆలోచించుకోవాల్సినవి ఆ రెండే అని నా అభిప్రాయం.

మాది విశాఖపట్నం. మా వీధికి సముద్రపు గాలి నేరుగా తగులుతుంది, కిటికీ ఊచలకి ఏటా రంగు వేయించుకోవాల్సిందే. అలాంటి చోట కొన్నేళ్లుగా కార్బన్ స్టీల్ (తుప్పు పట్టే మామూలు ఉక్కు) నంబర్ 8ని పళ్లకీ, మిద్దె మీద మొక్కలకీ, పార్సిళ్లకీ వాడుతున్నాను. తర్వాత ఇంట్లోవాళ్ల కోసం అదే సైజులో స్టెయిన్‌లెస్‌ది కూడా కొన్నాను. కాబట్టి రెండింటి గురించీ చెప్పగలను.

ఇది ఫ్రాన్స్‌లో సావోయ్ అనే కొండప్రాంతపు చాకు. 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టాడు. 1897 నాటికి 1 నుంచి 12 వరకు సైజులు పెట్టాడు, ఆ నంబర్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. 1, 11 మాత్రం తర్వాత ఆపేశారు. బ్లేడు మీద కనిపించే కిరీటం, చెయ్యి గుర్తు 1909 నుంచి ఉంది. నంబర్ 8 బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు, మడిస్తే పిడి పొడవు దాదాపు 11. బరువు సుమారు 45 గ్రాములు, అంటే జేబులో ఉన్నట్టే తెలియదు.

మొదట్లో దీనికి లాక్ లేదు. బ్లేడు తెరిచినా మడిచినా దాన్ని కదలకుండా పట్టి ఉంచింది చెక్క బిగువే. పిడి మెడ దగ్గర తిరిగే ఇనుప రింగు 1955లో వచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చాకులో మనకి నచ్చేవీ, విసుగు తెప్పించేవీ చాలావరకు ఆ పాత కట్టుబడి నుంచే వచ్చాయి. స్ప్రింగు లేదు, బేరింగులు లేవు. ఒక బ్లేడు, ఒక సీల, చీలిక పెట్టిన ఒక బీచ్ చెక్క ముక్క, ఒక రింగు. అంతే.

తెగడం సంగతి. బ్లేడు మందం రెండు మిల్లీమీటర్ల లోపే. పైగా పక్కలు చదునుగా కాకుండా కొంచెం ఉబ్బుగా ఉండి, అంచు దగ్గరికి వచ్చేసరికి బాగా పలచబడతాయి. గట్టి జామకాయని కోసి చూస్తే ఇది తెలుస్తుంది. మందంగా ఉండే చాకులు కాయలోకి సగం దిగాక దాన్ని రెండుగా చీల్చేస్తాయి, కోసిన చోట గరుగ్గా ఉంటుంది. ఇది చివరిదాకా కోస్తుంది, గింజలు కూడా తెగి అక్కడే ఉండిపోతాయి. బంగినపల్లి పండుకి టెంక పక్కన బద్ద తీసేటప్పుడు బ్లేడు కొద్దిగా వంగి టెంక వంపుని పట్టుకుని దిగుతుంది, టెంకకి కండ పెద్దగా మిగలదు. గులాబీ కొమ్మని ఏటవాలుగా కోస్తే నలగదు, అంటుకి అదే కావాలి.

ఇంత పలచగా ఉన్నందువల్ల చేయలేని పనులూ ఉన్నాయి. చిప్పలోంచి కొబ్బరి పెకలించడానికి, డబ్బా మూతలు లేపడానికి, ముంజెకాయలు కొట్టడానికి ఇది పనికిరాదు. మొన వంగుతుంది, లేదా విరుగుతుంది. చాకు అంటే అన్ని పనులూ చేసిపెట్టాలి అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. కత్తెర, మూత తీసే కొక్కెం, స్క్రూడ్రైవర్ అన్నీ కావాలంటే విక్టోరినాక్స్ వాళ్ల స్విస్ చాకు చూసుకోండి. పళ్లు కోయడంలో అది దీనికి సాటి రాదు, కానీ మిగతా పది పనులకీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు చర్చ. కార్బనా, స్టెయిన్‌లెస్సా? కార్బన్ బ్లేడు మీద ఫ్రెంచిలో కార్బోన్ అనీ, స్టెయిన్‌లెస్ మీద ఇనాక్స్ అనీ రాసి ఉంటుంది. అది చూసే కొనండి, ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కొత్త కార్బన్ బ్లేడుతో ఒక నిమ్మకాయ కోసి, తుడవకుండా కాసేపు పక్కన పెడితే చాలు. రసం ఆరిన చోటల్లా బూడిదరంగు మచ్చలు పడతాయి, వాటి అంచుల్లో సన్నగా నీలం కనిపిస్తుంది. ఆ మొదటి రోజుల్లో పుల్లటి కాయలు కోస్తే ముక్కలకి ఇనుము వాసన కూడా అంటుకుంటుంది. పచ్చి మామిడికాయ ముక్క మీద సన్నటి నల్ల గీత పడుతుంది. ఇది చూసి చాలామందికి టెన్షన్ వస్తుంది, చాకు పాడైపోయిందనుకుంటారు. పాడవలేదు. వాడే కొద్దీ బ్లేడంతా ఒకే తీరున నల్లబడుతుంది, ఆ పొర కుదిరాక వాసన తగ్గిపోతుంది. పట్టించుకోవాల్సింది ఎర్ర తుప్పుని. నల్ల పొర బ్లేడుని అంటిపెట్టుకుని ఉంటుంది, ఎర్ర తుప్పు పొడిగా రాలి గుంటలు పెడుతుంది. జామకాయకి ఉప్పూకారం అద్దుకుని తిని, చాకుని తుడవకుండా మడిచేస్తే మా ఊరి గాలికి ఎర్ర చుక్కలు రావడానికి ఒక్క రాత్రి చాలు. నల్ల పొర ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. అది తుప్పుని ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు.

మా పెద్దమ్మ ఒకసారి నా చాకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత నల్లగా ఉంది, దీంతోనా పళ్లు కోస్తున్నావు?"

"నీ కత్తిపీట మాత్రం నల్లగా లేదా పెద్దమ్మా?"

"అది కడుగుతాం కదరా, దీన్ని కడిగితే నువ్వు ఊరుకుంటావా?"

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. అరటికాయ వగరుకి, మామిడి సొనకి నల్లబడిన ఇనుము మన ఇళ్లకి కొత్తేమీ కాదు. కానీ కత్తిపీటని కుళాయి కింద పెట్టి కడిగి గోడకి ఆనించి ఆరబెట్టేస్తాం. ఒపినెల్‌ని అలా కడగలేం. పిడి చీలికలోకి నీళ్లు దిగితే చెక్క ఉబ్బుతుంది, సీల దగ్గర తడి రోజుల తరబడి నిలుస్తుంది. తడిగుడ్డతో బ్లేడు తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి, కాసేపు తెరిచే ఉంచి అప్పుడు మడవాలి. చేపలూ, మాంసమూ నేను దీంతో అసలు కోయను, ఆ చీలికని శుభ్రం చేయడం నావల్ల కాదు. బ్లేడుకి పూయడానికి మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ మంచిది. కొబ్బరినూనె, వంటనూనె కూడా పనిచేస్తాయి గానీ పాతబడితే జిగురుగా, కంపుగా అవుతాయి.

చెక్క పిడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన తీరప్రాంతంలో దీన్ని వాడేవాళ్లని బాగా విసిగించేది ఇదే. వానలు మొదలయ్యాక చెక్క తేమ పీల్చుకుని ఉబ్బి బ్లేడుని నొక్కి పట్టుకుంటుంది. గోరుకోసం పెట్టిన గాడిలో గోరు పెట్టి లాగినా రాదు, గోరు విరుగుతుంది. దీనికి సావోయ్ వాళ్ల పాత చిట్కా ఒకటి ఉంది. రింగుని తెరిచే వైపు తిప్పి, బ్లేడు అంచు చేతికి తగలకుండా పిడిని పట్టుకుని, పిడి వెనక చివరని బల్ల మీద టక్కున కొట్టాలి. మొన పిడిలోంచి కొద్దిగా బయటికి వస్తుంది, బ్లేడుని పక్కల నుంచి పట్టి తెరుచుకోవచ్చు. రెండుమూడు సార్లు చేస్తే చేతికి అలవాటవుతుంది.

మరీ బిగుసుకుపోతుంటే, సన్నటి గరుకు కాగితాన్ని అట్టముక్కకి చుట్టి చీలిక లోపల రెండు గోడలూ కొద్దికొద్దిగా రుద్దుకోవచ్చు. ఈ పని ఎండాకాలంలో చేయకండి, వానాకాలంలోనూ కాస్త బిగువు ఉంచి ఆపేయండి. చెక్క ఆరితే సడలుతుంది. ఆషాఢంలో హాయిగా తెరుచుకునేలా రుద్దేస్తే వైశాఖంలో బ్లేడు గలగలమంటుంది, తీసేసిన చెక్క మళ్లీ రాదు. నేనైతే ఏడాదికోసారి, పొడిగా ఉండే రోజుల్లో, పిడికి అవిసె నూనె పలచగా పట్టించి బాగా ఆరబెడతాను. బిగువు పూర్తిగా పోదు, కానీ నెమ్మదిగా వస్తుంది. ఒక జాగ్రత్త: అవిసె నూనె పీల్చుకున్న గుడ్డని ఉండచుట్టి పడేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో తడిపి పారేయండి.

పదును విషయానికొస్తే కార్బన్‌ది సానరాయి మీద ఇట్టే వస్తుంది. వెయ్యి గ్రిట్ (రాయి ఎంత సన్నదో చెప్పే నంబరు) రాయి మీద కొన్ని గీతలు, తర్వాత తోలు మీద నాలుగు రుద్దులు, అంతే. స్టెయిన్‌లెస్‌కి స్వీడన్ శాండ్విక్ స్టీలు వాడతారు, దానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది. పదును నిలవడంలో నాకు పెద్ద తేడా కనిపించలేదు. పుల్లటివి ఎక్కువగా కోసే రోజుల్లో స్టెయిన్‌లెస్సే మెరుగేమో అనిపించింది, పులుపుకి కార్బన్ అంచు త్వరగా మొద్దుబారుతుంది.

రింగు వల్ల నిశ్చింత ఉంది. తెరిచాక తిప్పితే బ్లేడు వేళ్ల మీదకి మడవదు, ఇప్పటి చాకుల్లో మడిచాక కూడా తిప్పి బిగించుకోవచ్చు. ఈ రింగు నంబర్ 6 నుంచే ఉంటుంది, 2 నుంచి 5 వరకు ఉండదు. పిల్లలున్న ఇంట్లో చిన్నది కదా అని 4 కొనేవాళ్లు ఇది గమనించాలి. మట్టిపని చేస్తే రింగులో ఇసుక ఇరుక్కుంటుంది, బ్రష్‌తో దులిపేస్తే పోతుంది. అయితే చాకు తెరవడానికి, రింగు తిప్పడానికి రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో తాడో కొమ్మో పట్టుకుని రెండో చేత్తో చాకు తెరవాల్సిన పని మీదైతే ఇది మీకు కాదు. బొటనవేలితో తెరుచుకునే రకాలు వేరే ఉన్నాయి, వాటికే వెళ్లండి. క్లిప్పు కూడా లేదు, పిడి గుండ్రంగా ఉంటుంది కాబట్టి బిగుతు ప్యాంటు జేబులో ఉబ్బుగా కనిపిస్తుంది.

జేబులో పెట్టుకు తిరగడం నేరమా అని చాలామంది అడుగుతారు. మన ఆయుధాల చట్టం నియమాలు ఆయుధాలుగా లెక్కించే చాకులు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్నవి. ఇల్లు, వ్యవసాయం పనులకి చేసినవాటికి మినహాయింపు ఉంది. నంబర్ 8 బ్లేడు నాలుగంగుళాలు కూడా లేదు. అయినా సెక్యూరిటీ తనిఖీ ఉండే చోటికి నేను తీసుకెళ్లను. విమానంలో అయితే చేతిసంచిలో అస్సలు కుదరదు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి.

ఇంట్లో అందరూ వాడేదైతే స్టెయిన్‌లెస్ తీసుకోండి, తుడవమని ప్రతి ఒక్కరి వెంటా పడలేం. మీరొక్కరే వాడుకుంటూ, సానపట్టడం అంటే ఇష్టమైతే కార్బన్ కొనండి, దాని అందం వేరు. చెయ్యి చిన్నదైతే 7 చాలు, దాని బ్లేడు 8 సెంటీమీటర్లు. 10 జేబుకి పెద్దది, వంటింటికి బాగుంటుంది. చెక్క కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు, వీలైతే దుకాణంలో రెండుమూడు తెరిచి చూసి ఎంచుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వెనక్కిచ్చే గడువు దాటకముందే బ్లేడుని నెమ్మదిగా మడిచి, అంచు చీలిక లోపల ఒక గోడకి రాసుకుంటోందేమో వెలుతుర్లో చూడండి. రాసుకుంటుంటే వెంటనే మార్చుకోండి, అది నూనెతో సర్దుకునే లోపం కాదు.