రెండు ఎం.2 స్లాట్లు ఉన్నాయన్నారు: ఆరేళ్లు వాడాక నా మాట

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. ఖమ్మంలో చిన్న షాపు. 2019 చివర్లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్ మదర్‌బోర్డుతో సిస్టమ్ కట్టించుకున్నాను. ఇప్పటికీ అదే అన్నం పెడుతోంది. ఈ ఆరేళ్లలో ప్రాసెసర్ జోలికి పోలేదు, ర్యామ్ ఒక్కసారి పెంచాను. మిగతా తంటాలన్నీ స్టోరేజీతోనే. ప్రస్తుతం ఆ బోర్డుకు ఐదు డ్రైవులు నాలుగు దారుల్లో తగిలించి ఉన్నాయి. ఒక్కో దారీ ఒక్కో పాఠం చెప్పింది.

మొదటి ఎం.2 స్లాట్ (చూయింగ్ గమ్ పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ కార్డును నేరుగా బోర్డుకే గుచ్చే చోటు) గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అంత బాగా పనిచేసింది. ప్రాసెసర్‌కు కాస్త కింద, గ్రాఫిక్స్ కార్డుకు పైన ఉంటుంది. అందులో శాంసంగ్ 970 ఈవో ప్లస్ 500 జీబీ పెట్టాను. ఈ స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కే కలుస్తుంది, పీసీఐఈ 3.0 నాలుగు లేన్లు. పీసీఐఈ అంటే బోర్డు మీద డేటా పరిగెత్తే రోడ్డు, లేన్లంటే ఆ రోడ్డులోని వరుసలు. డబ్బా మీద చదివే వేగం సెకనుకు 3500 ఎంబీ అని రాశారు, నా దగ్గర 3400కు తగ్గలేదు. అంతకుముందు పాత సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ 150 దాటేది కాదు. పొద్దున సిస్టమ్ ఆన్ చేసి టీ చెప్పి రావడం నాకు అలవాటు. కొత్తది వచ్చాక టీ చెప్పి వచ్చేలోగా ఫొటోషాప్ కూడా తెరుచుకుని ఉండేది.

అసలు కథ రెండో స్లాట్‌ది. 12x36 అంగుళాల షీట్ల పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు) ఒక్కో పెళ్లికి నలభై దాకా ఉంటాయి, ఒక్కో ఫైలు జీబీ దాటిపోతుంది. 500 జీబీ ఎంతకాలం వస్తుంది? 2022 ఆషాఢంలో ముహూర్తాలు లేక షాపు ఖాళీగా ఉన్నప్పుడు 1 టీబీ ఎన్‌వీఎంఈ (పీసీఐఈ దారిలో నడిచే ఎస్‌ఎస్‌డీ) ఒకటి కొన్నాను. బోర్డు డబ్బా మీద రెండు ఎం.2 అని ఉంది కదా, ఇంకేం ఆలోచించాలి అనుకున్నా.

ఎప్పుడూ బిగించనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. కార్డును ఏటవాలుగా పట్టుకుని బంగారు రంగు అంచును స్లాట్‌లోకి తోయాలి. వదిలేస్తే స్ప్రింగులా పైకి లేచి నిలబడుతుంది, భయపడక్కర్లేదు. దాన్ని వేలితో కిందికి వంచి, రెండో చివర ఒక మర బిగించాలి. ఆ మర ఎంత చిన్నదంటే ముక్కుపుడక వెనక తిప్పే శీలంత. దాని కింద చిన్న ఇత్తడి దిమ్మ కూడా ఉండాలి. మొదటి స్లాట్‌కు ఆ దిమ్మ బోర్డుకే బిగించి వచ్చింది. రెండోదానికి దాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చారట. ఆ కవరు ఎప్పుడో చెత్తలోకి పోయింది. దిమ్మ లేకుండా బిగించబోతే కార్డు విల్లులా వంగింది. అదృష్టం బాగుండి విరగలేదు. పాత లాప్‌టాప్‌లోంచి ఒక దిమ్మ పీకి పెట్టాను.

సిస్టమ్ ఆన్ చేశాను. డ్రైవు లేదు. విండోస్‌లో కొత్త డ్రైవు వెంటనే కనపడదని, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఇనిషియలైజ్ చేయాలని తెలుసు. అక్కడా లేదు. విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులు, అంటే బయోస్‌లోనూ లేదు. తీసి మళ్లీ పెట్టాను, బయోస్ అప్‌డేట్ చేశాను. కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ ఒకటి. కొన్న డ్రైవే పాడైందని నిశ్చయించుకుని మర్నాడు పొద్దున శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాను.

కంప్యూటర్ సామాను షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో ఒక కుర్రాడు డ్రైవును తన సిస్టమ్‌లో పెట్టి చూపించాడు. శుభ్రంగా పనిచేస్తోంది. "అన్నా, బోర్డు ఏది?" అని అడిగి, ఫోన్లో మాన్యువల్ తెరిచి ఒక లైను చూపించాడు. రెండో ఎం.2 స్లాట్‌లో సాటా రకం కార్డులే పనిచేస్తాయట. సాటా అంటే హార్డ్ డిస్కులు వాడే పాత, నెమ్మది దారి. నేను పెట్టింది ఎన్‌వీఎంఈ. స్లాట్ ఆకారం ఒకటే, కార్డూ చక్కగా కూర్చుంటుంది, కానీ ఆ స్లాట్ వెనక పీసీఐఈ తీగలే లేవు. ఇంటర్నెట్ కేబుల్ సాకెట్‌లో ఫోన్ వైరు దూర్చినట్టే. ఎం.2 అన్నది ఆకారం పేరు, అందులో నడిచేది సాటానా, ఎన్‌వీఎంఈనా అన్నది వేరే సంగతి. మాన్యువల్‌లో సన్న అక్షరాల్లో ఉన్న ఈ ముక్కను డబ్బా మీద వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది? నాకిప్పటికీ ఆ కోపం ఉంది.

సీల్ తీసిన డ్రైవు వెనక్కి పోదు. ఆ కుర్రాడే 450 రూపాయల అడాప్టర్ కార్డు ఇచ్చాడు. కార్డు మీద ఎం.2 బిగించి, దాన్ని గ్రాఫిక్స్ కార్డు కింద ఉన్న రెండో పొడుగు పీసీఐఈ స్లాట్‌లో గుచ్చాలి, అంతే. 60 రూపాయలు పెట్టి మరలు, దిమ్మల ప్యాకెట్ కూడా కొన్నాను. సాయంత్రం అదే బండికి వచ్చి, రాత్రి పెట్టి చూస్తే మొదటిసారికే కనపడింది.

అయితే బీ450లో ఆ పొడుగు స్లాట్ చూడ్డానికే పొడుగు. లోపల పీసీఐఈ 2.0 నాలుగు లేన్లే, అవీ నేరుగా ప్రాసెసర్ నుంచి కాదు, బోర్డు మీద ఉండే చిప్‌సెట్ అనే మధ్యవర్తి చిప్ నుంచి వచ్చేవి. వేగం 1500 దగ్గర ఆగింది. మొదట్లో బాధ పడ్డాను కానీ, మూడేళ్లు వాడాక నిజం చెప్పాలంటే పీఎస్‌డీ తెరిచేటప్పుడు 3400కూ 1500కూ తేడా నా కంటికి ఆనలేదు. ఫొటోగ్రాఫర్లు తెచ్చే మెమరీ కార్డులు కాపీ చేసేటప్పుడు అసలే తేడా లేదు. ఆ కార్డే సెకనుకు 90 ఎంబీ ఇస్తుంటే ఇవతల ఎంత పెద్ద డ్రైవు పెట్టి ఏం లాభం? 128 జీబీ కార్డుకు అప్పుడూ ఇప్పుడూ దాదాపు పాతిక నిమిషాలు పట్టాల్సిందే.

వేడి మాత్రం నిజమైన సమస్య. 2023 మేలో ఖమ్మం ఎండలకు ఏసీ లేని గదిలో ఆ అడాప్టర్ డ్రైవు 78 డిగ్రీలు చూపించింది. పెద్ద ఫోల్డర్ కాపీ పెడితే మధ్యలో వేగం ఢమాలున పడిపోయేది. హీట్‌సింక్ కొని బిగించినా అంతే ఉంది. రెండు వారాలు దాన్ని తిట్టుకున్నాక విప్పి చూస్తే, వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే థర్మల్ ప్యాడ్ మీది పారదర్శక ప్లాస్టిక్ పొరను నేనే తీయలేదు. తీసి బిగించాక అదే పనికి 61. మా ఆవిడ ఇప్పటికీ కొత్త వస్తువు ఏది తెచ్చినా "పొర తీశావా?" అని అడుగుతుంది.

ఖాళీగా పడి ఉన్న రెండో స్లాట్‌లో, దిమ్మ పీకిన ఆ లాప్‌టాప్‌లోదే 256 జీబీ సాటా ఎం.2 కార్డు తీసి పెట్టాను. ఇలాంటి వాటికి అంచున ఎక్కువగా రెండు గాట్లు ఉంటాయి, నాలుగు లేన్ల ఎన్‌వీఎంఈకి ఒకటే. ఈసారి కార్డు కనపడింది, కానీ 4 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి మాయమైంది! అందులో రెండు సీజన్ల పెళ్లిళ్లు ఉన్నాయి. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఈసారి బుద్ధి వచ్చింది కాబట్టి ముందు మాన్యువల్ తెరిచాను. రెండో ఎం.2 నిండితే మూడో సాటా పోర్టు ఆగిపోతుందట, రెండింటికీ దారి ఒకటే. కేబుల్ పీకి పక్క పోర్టులో గుచ్చితే డిస్క్ తిరిగి వచ్చింది.

గత ఏడాది అదే డిస్క్ మళ్లీ మాయమవడం మొదలైంది. ఈసారి పూర్తిగా కాదు, రోజుకోసారి కాసేపు. డిస్క్ పోతోందనుకుని బ్యాకప్ తీస్తూ కూర్చున్నా. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూస్తే పాడైన సెక్టార్లు సున్నా, కానీ సీ7 అనే సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిన సందర్భాల) లెక్క మాత్రం రోజూ పెరుగుతోంది. అది ఎక్కువగా కేబుల్ జబ్బు. లాగి చూస్తే ఒక చివర గొళ్లెం విరిగి, కొన వదులుగా ఊగుతోంది. 80 రూపాయల కొత్త కేబుల్ వేశాక ఆ అంకె అక్కడే ఆగిపోయింది. తగ్గదు, అది ఆ లెక్క స్వభావం. పెరగకపోతే చాలు.

మొదటి స్లాట్‌లోని 970 ఇప్పటికి 18,000 గంటలు దాటి నడిచింది. దాని మీద రాసిన డేటా 58 టీబీ, కంపెనీ వారంటీ లెక్క 300 టీబీ. ఆరోగ్యం 87 శాతం చూపిస్తోంది. దాన్ని ఒక్కసారే బయటికి తీశాను, దుమ్ము దులపడానికి. అప్పుడు ముందు గ్రాఫిక్స్ కార్డు తీయబోతే దాని కింద ఉన్న గొళ్లెం వేలికి అందక ఐస్‌క్రీమ్ పుల్లతో నొక్కాల్సి వచ్చింది. ఆ పుల్ల కేబినెట్‌లోనే పెట్టేశాను.

ఎవరైనా నన్ను బోర్డు అడిగితే ఇదే కొనమంటానా? 2019లో అయితే అనేవాణ్ని, ఇప్పుడు అనను. ఇప్పుడు కొనేవాళ్లు స్లాట్లు ఎన్ని అని కాకుండా, మాన్యువల్ దించుకుని ఏ స్లాట్‌కు ఎన్ని లేన్లు, ఏది పెడితే ఏది ఆగిపోతుంది అన్న పేజీ చూసి డబ్బు కట్టండి. నేను ఆ పేజీ జిరాక్స్ తీసి కేబినెట్ పక్క తలుపు లోపల అతికించాను. వచ్చే ఆషాఢంలో రెండు హార్డ్ డిస్కులూ మార్చాలి, అప్పుడు మళ్లీ చూసుకోవాలి.