న్యూయార్క్ డార్మ్ హాస్టల్: మంచం ఓకే, తాళం మీరే తెచ్చుకోండి

బరంపురం నుంచి ఒక్కదాన్నే అమెరికా వెళ్తున్నానంటే మా పిన్ని "హోటళ్లకే ఆస్తి రాసిచ్చేస్తావే" అంది, అందుకే న్యూయార్క్‌లో ఎనిమిది మంచాల లేడీస్ డార్మ్‌లో దిగాను. పరుపు, దుప్పటి శుభ్రం. లాకర్ ఉంది గానీ తాళం కౌంటర్‌లో కొనుక్కోవాలి, పైగా బుకింగ్‌లో చూసిన రేటుకి చివర్లో టాక్స్ వేరే (అక్కడ షాపుల్లోనూ అంతే, రాసిన ధర ఒకటి, బిల్లు ఇంకొకటి). వంటగది మాత్రం నా ప్రాణం కాపాడింది: వేడన్నం, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ, మన బరంపురం అప్పడాలు మైక్రోవేవ్‌లో. పక్కమంచం అమ్మాయి రుచి చూస్తానని ఓ ముక్క తిని నీళ్ల బాటిల్ మొత్తం ఖాళీ చేసింది.

సబ్‌వే (అక్కడి మెట్రో రైలు) రాత్రంతా నడుస్తుంది కాబట్టి లేటైనా టెన్షన్ లేదు. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉచితం, వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే లిబర్టీ విగ్రహం చక్కగా కనిపిస్తుంది, డబ్బులు పెట్టి వేరే పడవ ఎక్కక్కర్లేదు. తర్వాత వాషింగ్టన్ బస్సు రెండు గంటలు లేటు, ఫోన్ ఎత్తే నాథుడే లేడు. అక్కడ స్మిత్సోనియన్ మ్యూజియాలకి టికెట్ కొనక్కర్లేదు, మూడు రోజులు తిరిగితే కాళ్లు పోయాయి. హాస్టల్‌కి ఐదుకి మూడున్నర, ఆ అర వంటగదికే.