షిర్డీలో "నాసిక్ వైన్ టూర్" ప్యాకేజీ కొనేముందు జాగ్రత్త

షిర్డీ వెళ్ళే తెలుగువాళ్ళకు అక్కడి కారు ఏజెంట్లు అంటగట్టే ప్యాకేజీ ఒకటుంది. పొద్దున త్రయంబకేశ్వరం, మధ్యాహ్నం నుంచి మూడు వైనరీలు (తోటలోనే వైన్ తయారుచేసే చోట్లు), రాత్రికి మళ్ళీ షిర్డీ, "టేస్టింగ్ కలిపే". అడ్వాన్సు పంపేముందు లెక్క వేసుకోండి.

షిర్డీ నుంచి నాసిక్ దాదాపు 90 కిలోమీటర్లు, అక్కడి నుంచి త్రయంబకం మరో 30. ఏడింటికి బయల్దేరితే గుడి చేరేసరికి పది. శని, ఆది, సోమవారాల్లో మామూలు క్యూలో మూడు నాలుగు గంటలు పట్టడం అక్కడ కొత్తేమీ కాదు. అంటే మళ్ళీ కారెక్కేది రెండింటికి, భోజనం ఇంకా కాలేదు. నాసిక్ దగ్గర గంగాపూర్ డ్యామ్ వైపున్న సులా, యార్క్, సోమా వైనరీలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి కాబట్టి వాటిలో ఒకటి తీరిగ్గా చూడొచ్చు, పరుగులు పెడితే రెండు. కానీ ప్యాకేజీలో దిండోరి వైపున్న షాందాన్ పేరో, ఇగత్‌పురి వైపున్న వల్లోన్, గ్రోవర్ జంపా పేర్లో కలిసి ఉంటే అనుమానించండి. దిండోరి నాసిక్‌కు ఉత్తరాన, ఇగత్‌పురి ముంబై రోడ్డు మీద 45 కిలోమీటర్ల అవతల. ఈ మూడు దిక్కులూ ఒక మధ్యాహ్నంలో తిరగడం అయ్యే పని కాదు. చివరికి ఒకచోట టేస్టింగ్, మిగతా రెండుచోట్ల గేటు దగ్గర ఫొటో. అదేమంటే "మీరే గుళ్ళో లేటు చేశారు కదా సార్" అని చేతులెత్తేస్తారు.

"టేస్టింగ్ కలిపే" అన్న మాట దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది. లోపలికి వెళ్ళడానికి, ట్యాంకులూ పీపాలూ తిప్పి చూపించే టూర్‌కు, గ్లాసుల్లో పోసి రుచి చూపించడానికి విడివిడి ధరలు ఉండొచ్చు, శని ఆదివారాల్లో రేటూ మారొచ్చు. ఏజెంటు కట్టేది మొదటిది మాత్రమే అయితే మిగతాది కౌంటర్ దగ్గర మీ జేబులోంచే. కాబట్టి ఏ వైనరీ, ఎన్ని గంటల స్లాట్, ఎన్ని వైన్లు, ఒక్కోటి ఎన్ని మిల్లీలీటర్లు అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. బుకింగ్ మీ పేరు మీద ఉందో లేదో వైనరీ వెబ్‌సైట్‌లోని నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి, ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాదు. నేరుగా మీరే బుక్ చేసుకుని, ఏజెంటు దగ్గర కారు ఒక్కటే మాట్లాడుకోవడం ఇంకా మేలు. 21 ఏళ్ళు నిండని వాళ్ళకు టేస్టింగ్ ఉండదు, వాళ్ళ పేరున కూడా పూర్తి ప్యాకేజీ ధర కట్టకండి. అందరి గుర్తింపు కార్డులూ వెంట ఉండాలి.

సొంత కారులో వెళ్ళేవాళ్ళకు ఇంకో లెక్క. ఒక్కో వైన్ 30 మిల్లీలీటర్ల చొప్పున ఆరు రకాలు రుచి చూస్తే 180, అంటే సీసాలో పావు వంతుకు కాస్త తక్కువ. 70 కిలోల మనిషి ఒక్క టేస్టింగ్‌తోనే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ అన్న చట్టం పరిమితికి అటూఇటుగా వచ్చేస్తాడు, బరువు తక్కువైతే ఇంకా త్వరగా. దొరికితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రుచి చూసి ఉమ్మేయడానికి గిన్నె అడిగితే ఇస్తారు, సిగ్గుపడకండి. అద్దె కారు డ్రైవర్‌కు మర్యాద కోసం కూడా గ్లాసు అందించకండి.

ప్రకటనల్లోని నల్లద్రాక్ష గుత్తుల ఫొటోలు చూసి మోసపోవద్దు. నాసిక్‌లో వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకానే. ఏప్రిల్‌లో కొమ్మలు కత్తిరించేస్తారు, మేలో వెళితే చిగుళ్ళు కనిపిస్తాయి, వానాకాలంలో ఆకు పచ్చగా ఉంటుంది కానీ గుత్తి ఉండదు. ఆగస్టులో "ద్రాక్ష తొక్కే ప్రోగ్రాం" అంటూ డబ్బు తీసుకుంటే అది బజారు పళ్ళతో చేసే తమాషా. కోత రోజుల్లో కూడా తీగ మీది పండు కోసి నోట్లో వేసుకోకండి, పురుగుమందు కొట్టి ఉంటుంది.

తిరుగు దారిలో డ్రైవర్ "ఫ్యాక్టరీ రేటు" అని రోడ్డు పక్క షాపు దగ్గర ఆపితే సీసా మూతి చూడండి. కార్క్ అంచు బియ్యపుగింజంత పైకి లేచి ఉన్నా, రేకు కింద జిగురు తగిలినా ఆ సీసా ఎండలో ఉడికిందని అర్థం. తెల్ల వైన్ అయితే లేబుల్ మీద సంవత్సరం చూడండి, షెనిన్ బ్లాంక్ లాంటివి రెండేళ్ళు దాటితే చప్పబడతాయి. కొన్నాక వేసవిలో డిక్కీలో వదిలేసినా అదే గతి.

ఇంటికి తెచ్చుకునే ఆలోచన ఉంటే ఆగండి. మహారాష్ట్రలో పన్ను కట్టిన సీసా తెలంగాణలో పన్ను కట్టినట్టు కాదు. బిల్లు చూపించినా ఎక్సైజ్ వాళ్ళు ఎన్‌డీపీఎల్ (పన్ను కట్టని మద్యం) కింద పట్టుకోవచ్చు, ఆంధ్రలోనూ ఇదే చిక్కు. సులా లాంటివి హైదరాబాద్ షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి.

తేదీ ఖాయం చేసేముందు జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఎన్నికల డ్రై డేలు తప్పించండి. ఆ రోజుల్లో తోట చూడొచ్చు గానీ గ్లాసు దొరకదు. 2027 సింహస్థ కుంభమేళా స్నానాల రోజుల్లో అయితే నాసిక్, త్రయంబకం రోడ్ల మీద కారు కదలడమే కష్టం, అప్పుడు ఈ ప్యాకేజీ ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.