బండి కింద అట్టముక్క: సెకండ్ హ్యాండ్ కారుతో మూడు రోజులు

కారు కొన్న ఐదో రోజున బయల్దేరాం. ఎనిమిదేళ్ల పాత పెట్రోల్ బండి. మీటర్ మీద 71 వేల కిలోమీటర్లు ఉన్నాయి కానీ, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయిన తీరు చూస్తే మీటర్ చెప్పేదంతా నమ్మబుద్ధి కాలేదు. కొనేముందు ఊళ్లో అరగంట తిప్పి చూసి, బాగుందనుకుని డబ్బు కట్టేశాను. అరగంటలో బండి ఏం బయటపెడుతుంది? స్పీడు 40 దాటలేదు, ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

అందుకే ఈ ప్రయాణం. ఒక రోజు హైవే, ఒక రోజు ఘాట్, ఒక రాత్రి కొండ మీద చలి, చివర దిగుడు. మొత్తం 620 కిలోమీటర్లు. చూడాల్సిన చోట్లను బట్టి కాకుండా బండికి పెట్టాల్సిన పరీక్షలను బట్టి దారి వేశానని మా ఆవిడకి ఘాట్ సగం ఎక్కాక గానీ చెప్పలేదు. ఆ సమయం కూడా సరైంది కాదని తర్వాత తెలిసింది.

హైవే ఎక్కి 90 దాటేసరికి స్టీరింగ్ చేతుల్లో సన్నగా వణకడం మొదలైంది. 80కి దించితే పోతోంది, మళ్లీ 90కి వస్తోంది. బ్రేకు నొక్కితే వణుకు పెరగడం లేదు. ఇది ముఖ్యం. బ్రేకు వేసినప్పుడే వణికితే అనుమానం డిస్కుల మీదికి పోవాలి. స్పీడును బట్టి వచ్చిపోతుంటే ముందు చక్రాల బ్యాలెన్సింగ్ చూడాలి. దీంతోపాటు గొడవ ఇంకొకటి. "నా పక్క నుంచి విమానం మోత వస్తోంది" అంది మా ఆవిడ. టైరు మోతే అన్నాను. టైరు మోతైతే రోడ్డు మారినప్పుడల్లా మారాలి. నున్నటి తారు మీదా, గరుకు సిమెంటు మీదా ఒకేలా వస్తోంది. ఖాళీ రోడ్డు చూసి, స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం ఊపాను. బరువు ఎడమ చక్రాల మీద పడినప్పుడు మోత పెరిగింది, కుడి మీద పడితే తగ్గింది. ఎడమ పక్క ఏదో చక్రం బేరింగ్ అన్నమాట. ఆవిడ కూర్చున్నది ఎడమ పక్కే.

హైవే పక్కన టైర్ల షాపులో ఆగాం. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. ముందు కుడి చక్రం రిమ్ లోపలివైపు బొటనవేలంత దీర్ఘచతురస్రం ఒకటి శుభ్రంగా కనిపించింది. చుట్టూ బ్రేకు మసి, మధ్యలో ఆ ముక్క మాత్రం తళతళ. అంటించిన బ్యాలెన్సింగ్ బరువు ఊడి పడిపోయిన గుర్తు అది. షాపతను మెషిన్ మీద పెట్టి కొత్త బరువు అంటించాడు, వణుకు పోయింది. బేరింగ్ సంగతి చెబితే జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. లూజు లేదు. తర్వాత నా చెయ్యి తీసుకుని సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెట్టించి చక్రం తిప్పాడు. ముందు ఎడమ దగ్గర స్ప్రింగులో ఇసుక నూరుతున్నట్టు సన్నటి జరజర. కుడి వైపు అదే చేస్తే ఏమీ లేదు. "లూజు రాలేదు సార్, ఇంకా మోత దశే. ఇంటికెళ్లాక మార్చేయండి, మోత పెరిగితే మాత్రం ఆగిపోండి" అన్నాడు. నా దగ్గర బేరింగ్ అమ్మాలని చూడలేదు. టైరు గోడ మీద తేదీ చూసుకోమని కూడా అతనే చెప్పాడు. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వెనక టైర్లు రెండిటి మీదా 2316 ఉంది, అంటే 2016లో 23వ వారం. గాడులు నిండుగా ఉన్నా రబ్బరు వయసైపోయింది. గాడులు మాత్రమే చూసి సంతోషపడినవాణ్ని నేనే.

మొదటి రాత్రి హైవే పక్క లాడ్జి. గది అంతంతమాత్రం. ఏసీ మోత మా బేరింగ్ మోతకి అక్కలా ఉంది. బాత్రూం తలుపు గడియ పడదు. అయినా నేను ఈ లాడ్జికి మంచి మార్కులే వేస్తాను. సెల్లార్ పార్కింగ్ ఉంది, నేల చదునుగా, పొడిగా, సిమెంటుతో ఉంది, రాత్రంతా లైటు వెలుగుతుంది. పాత కారుతో వెళ్లేవాడికి ఇంతకంటే ఏం కావాలి? రిసెప్షన్‌లో పెద్ద అట్టపెట్టె అడిగి తీసుకుని, విప్పి, ఇంజిన్ కింద పరిచాను. వాచ్‌మన్ నన్ను ఒకసారి, అట్టని ఒకసారి చూసి ఊరుకున్నాడు.

పొద్దున అట్ట మీద మూడు మచ్చలు. ముందు సీట్ల కిందికి వచ్చేచోట ఉన్నది ఎండిపోయి అంచు మాత్రమే మిగిలింది. అది ఏసీ నీళ్లు, పట్టించుకోనక్కర్లేదు. ఇంజిన్ వెనక భాగం కింద చిన్న నల్లటి చుక్క, వేలికి జిడ్డుగా తగిలింది. ఇంజిన్ ఆయిల్. మూడోది ముందు వైపు, గులాబీ రంగులో, కొంచెం తియ్యటి వాసనతో. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. దాని రిజర్వాయర్ చూస్తే మట్టం కనిష్ఠ గీతకి పైనే ఉంది. కొంచెం కూలెంట్ కలిపిన నీళ్లు ఒక సీసాలో పెట్టుకుని బయల్దేరాం. (కూలెంటో కాదో తేల్చుకోవడానికి నాలుకతో రుచి చూడకండి, అది విషం.)

ఘాట్ మొదట్లో అంతా బాగుంది. మలుపులో రెండు లారీలు ఒకదాన్నొకటి తప్పించుకోలేక ఆగిపోవడంతో మేమూ ఆగాం. ఐదు నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు సగం దాటింది. ఇంకో రెండు నిమిషాలకి ముప్పావు. టెన్షన్ మొదలైంది. వెంటనే హీటర్ ఫుల్లుగా పెట్టి, బ్లోయర్ పెంచి, అద్దాలు దించాను. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని లోపలికి లాగేస్తుంది. ముల్లు నిలబడింది, మేం ఉడికిపోయాం. సరిగ్గా అప్పుడే ఆవిడకి ఈ ప్రయాణం అసలు ఉద్దేశం చెప్పాను.

కాస్త వెడల్పున్న చోట పక్కకి తీసి ఇంజిన్ ఆపాను. రేడియేటర్ మూత జోలికి వెళ్లలేదు. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి అంతా మొహం మీదికి ఎగజిమ్ముతుంది. అరగంట ఆగాం. చల్లారాక ఇంజిన్ వేసి ఏసీ ఆన్ చేశాను. ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతోందని, కదిలితే మళ్లీ వస్తోందని ఆవిడ మొదటి రోజే చెప్పింది. గ్యాస్ తక్కువేమో అని కొట్టిపారేశాను. బండి నడుస్తుంటే ఎదురుగాలి సరిపోతుంది, ఆగితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. జబ్బు ఆరోజే బయటపడింది, వినే చెవి నాకు లేదు.

బోనెట్ కింద ఫ్యూజ్ బాక్స్ తెరిచాను. మూత వెనక బొమ్మ ఉంటుంది. ఫ్యాన్ ఫ్యూజ్ బాగానే ఉంది. ఫ్యాన్ రిలే (దానికి కరెంటు వదిలే చిన్న స్విచ్) పక్కనే హారన్ రిలే, రెండింటి మీదా ఒకే నంబరు. ఇంజిన్ ఆపి, రెండూ పీకి అటుదిటు ఇటుదటు పెట్టాను. మళ్లీ ఇంజిన్ వేసి ఏసీ నొక్కగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. హారన్ మాత్రం మూగబోయింది. హారన్ లేకుండా ఘాట్ ఎక్కడం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు, ప్రతి మలుపుకీ లైట్లు కొట్టుకుంటూ పాక్కుంటూ వెళ్లాం. వ్యూ పాయింట్ దగ్గర మంచు పట్టి లోయ కనిపించలేదు. అక్కడ ఆగనక్కర్లేదు.

పైన చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. రిలే అతని దగ్గర దొరికింది, హారన్ తిరిగొచ్చింది. అక్కడితో ఆపితే బాగుండేది. "థర్మోస్టాట్ పీకి పారేద్దాం అన్నా, ఇక జన్మలో వేడెక్కదు" అన్నాడు. ఈ సలహా చాలా షెడ్లలో వినిపిస్తుంది, పని చేసినట్టే కనిపిస్తుంది కూడా. కానీ ఇంజిన్ 80 నుంచి 90 డిగ్రీల మధ్యకి వచ్చేదాకా నీటిని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపడమే దాని పని. అది లేకపోతే ఇంజిన్ చల్లగానే నడుస్తూ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. వద్దన్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

రెండో రాత్రి కొండ మీద కాటేజీ. గది, కిటికీ, దుప్పట్లు అన్నీ బాగున్నాయి, మళ్లీ వెళ్లమన్నా వెళ్తాం. పార్కింగ్ మాత్రం కంకర పరిచిన వాలు. అట్ట పరిచి లాభం లేదు, వాలుకి ద్రవం ఎటో పోతుంది. తాళాలు వాళ్లకే ఇవ్వాలన్నారు. కొత్తగా కొన్న పాత బండిని ఇంకొకరు తిప్పితే, ఏ చప్పుడు ముందే ఉందో ఏది కొత్తగా వచ్చిందో తేలదు. నేనే పెట్టుకుంటానని బతిమాలి ఒప్పించాను.

పొద్దున తేమ, చలి. ఇంజిన్ వేయగానే బండి మొత్తం కుదుపు, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతోంది. ఆ లైటు నిలకడగా వెలిగితే చూసుకోవచ్చు. మిణుకుతుంటే ఆపేయాలి, కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. ఆపి, డాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్‌కి, బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ తగిలించాను. ఫోన్‌లో పీ0302 అని వచ్చింది, అంటే రెండో సిలిండర్ మిస్సవుతోంది, అందులో పెట్రోల్ సరిగ్గా మండడం లేదు. ప్లగ్గా, ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిలా, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టరా? కాటేజీ తోటమాలి దగ్గర 10 నంబర్ పానా దొరికింది. రెండో సిలిండర్ కాయిల్ విప్పి మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి మళ్లీ స్టార్ట్ చేశాను. ఈసారి పీ0303. కాయిల్‌తో పాటే జబ్బూ మారింది, కాబట్టి కాయిలే. ఇంజిన్ వేడెక్కాక కుదుపు చాలావరకు సర్దుకుంది, లైటు మిణకడం ఆగింది. అప్పుడు కదిలాం.

కొన్న రోజే ఇదే స్కానర్ పెట్టి చూశాను, ఒక్క కోడూ లేదు. దాని పక్క పేజీలోనే మానిటర్లు, అంటే బండి తనకు తాను చేసుకునే పరీక్షలు, చాలావరకు 'నాట్ రెడీ' అని ఉన్నాయి, పట్టించుకోలేదు. కోడ్లు చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా బండి కొంతదూరం తిరిగేదాకా అలాగే ఉంటాయి. అమ్మినతను ముందు రోజే తుడిచేసి ఉంటాడు.

దిగుడంతా రెండో గేరే. ఒక పరీక్ష అనుకోకుండా మంచి వార్త చెప్పింది. కాలు తీసేసి చాలాదూరం దిగి, తర్వాత ఒక్కసారిగా యాక్సిలేటర్ తొక్కితే వెనక నీలం పొగ వస్తుందేమోనని చూశాను. వస్తే వాల్వ్ సీళ్ల దగ్గర ఆయిల్ లోపలికి దిగుతోందని అర్థం. రాలేదు. కానీ చివరి మలుపుల్లో బ్రేకు పెడల్ మెత్తబడి, స్పాంజి మీద కాలు వేసినట్టుంది. ఆపి ఇరవై నిమిషాలు కూర్చున్నాం.

కింద పట్నంలో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. మూడు గంటలు కూర్చోబెట్టారు, పదకొండు పనులతో చాంతాడంత ఎస్టిమేట్ ఇచ్చారు, అందులో నాలుగు కాయిళ్లూ మార్చాలని ఉంది. అయినా షెడ్డులో జరగని పని ఇక్కడ జరిగింది. రేడియేటర్‌కి చేతిపంపు బిగించి ఒత్తిడి పెట్టి చూస్తే, కింది గొట్టం క్లిప్ దగ్గర గులాబీ చుక్క ఊరడం కళ్లారా చూపించారు. బ్రేకు ఫ్లూయిడ్‌లో పెన్నులాంటి టెస్టర్ ముంచితే ఎర్ర లైటు వెలిగింది. ఆ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. వేడికి మరిగి బుడగలొస్తే పెడల్ మెత్తబడుతుంది. క్లిప్పు, బ్రేకు ఫ్లూయిడ్, ఒక కాయిల్, నాలుగు ప్లగ్గులు చేయించుకుని, మిగతావి వద్దన్నాను. సర్వీస్ అడ్వైజర్ ముఖం మారింది కానీ మర్యాద తగ్గలేదు.

రాత్రి ఇంటికి చేరేసరికి పదకొండు. సామాను దించకముందే డిక్కీలోంచి అట్ట తీసి, వెనక్కి తిప్పి పరిచాను. "ఇప్పుడు కూడానా?" అంది మా ఆవిడ. పొద్దున చూస్తే గులాబీ మచ్చ లేదు. నల్ల చుక్క మాత్రం అదే చోట, అదే సైజులో ఉంది. బేరింగ్ మార్చేటప్పుడు దాని సంగతీ చూడాలి.