ఇరవై ఏళ్ల తర్వాత తురంగ లీల

మొదట మోసం చేసింది పేరే. 2005 సంక్రాంతికి మా పెదనాన్నగారి అబ్బాయి డల్లాస్ నుంచి విజయవాడ వస్తూ ‘ఫ్యూచరామా’ అనే అమెరికా టీవీ బొమ్మల ధారావాహిక డీవీడీ పెట్టెలు నాలుగు తెచ్చాడు. ఊదారంగు జుట్టు, ఒకటే కన్ను ఉన్న అమ్మాయి కథానాయిక. ఆమె పూర్తి పేరు తురంగ లీల అని తేలేసరికి, పక్కన పేపరు చదువుకుంటున్న మా నాన్నగారు తలెత్తి, "తురంగం అంటే గుర్రం కదా, మరి గుర్రమేదీ?" అన్నారు. ఫ్రెంచి స్వరకర్త మెస్సియాన్ సంస్కృత పదాలు కలిపి తన సింఫనీకి పెట్టుకున్న పేరును తెచ్చి ఈ ఒంటికన్ను పిల్లకు పెట్టారని నాకు తెలియడానికి మరో పదేళ్లు పట్టింది. ఈలోగా నాన్నగారు ‘ఫ్యూచరామా’ను ‘ఆ గుర్రం బొమ్మ’ చేసేశారు. మా ఇంట్లో ఇప్పటికీ దాని పేరు అదే.

అమెరికా డిస్కులు మన ప్లేయర్లలో ఆడవని అన్నయ్య భయపెట్టాడు గానీ, బీసెంట్ రోడ్డులో కొన్న మా చౌక ప్లేయరుకు ఖండాల తేడా తెలియదు. ఆ వేసవిలో 72 భాగాలూ రెండుసార్లు చూశాం.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. పిజ్జాలు చేరవేసే ఫ్రై అనే కుర్రాడు 1999 డిసెంబరు 31 రాత్రి ఒక శీతల పేటికలో పడి గడ్డకట్టి, వెయ్యేళ్ల తర్వాత లేస్తాడు. తన అన్న వంశంలో పుట్టిన ముసలి ప్రొఫెసర్ ఒకాయన నడిపే పార్సిల్ కంపెనీలో కుదురుకుంటాడు. లీల అక్కడ అంతరిక్ష ఓడ నడుపుతుంది. తాగుబోతూ దొంగా అయిన బెండర్ అనే రోబో ఇతని ప్రాణమిత్రుడు. మాట్ గ్రేనింగ్, డేవిడ్ ఎక్స్. కోహెన్ కలిసి దీన్ని 1999లో ఫాక్స్ చానల్‌కు తీశారు. ఆదివారం సాయంత్రం ఏడింటికి వేళ ఇచ్చారు. ముందున్న ఫుట్‌బాల్ ఆట సాగితే ఆ వారం దీనికి గుండుసున్నా. అలా ఈడ్చి ఈడ్చి 2003 ఆగస్టులో ఆపేశారు. 2007, 2009 మధ్య నాలుగు డీవీడీ సినిమాలు వచ్చాయి. 2010 నుంచి 2013 దాకా కామెడీ సెంట్రల్ చానల్‌లో రెండో జన్మ. 2023 జులై 24న హులు అనే ఆన్‌లైన్ వేదికలో మూడోది. ఇదే ఆఖరు అనుకుని రాసిన భాగాలే మూడు నాలుగు ఉన్నాయి. ఊరికి బయలుదేరిన చుట్టాలు గుమ్మం దగ్గర చెప్పులేసుకుని గంటసేపు మాట్లాడినట్టు.

ఈ మూడో జన్మ మొదటిదానికి సాటి వస్తుందా అన్నది ప్రశ్న. నోటి మాటగా తేల్చడం ఇష్టం లేక మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం రాత్రి ఒక కొత్త భాగం, ఒక పాత భాగం. ఏది ముందో రూపాయి బిళ్ల ఎగరేసి తేలుస్తాం. రెండోది మొదలయ్యేసరికి భోజనం దిగి నవ్వు సులువుగా వస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త. గుంటూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే మిత్రుడికి అత్తవారిల్లు మా పటమటలోనే కనుక ఆదివారాలు ఇక్కడే ఉంటాడు. మా ఆవిడ వచ్చి కూర్చుంటుంది, నచ్చకపోతే మాటయినా లేకుండా లేచి వెళ్లిపోతుంది. కొత్త భాగానికి ఆవిడ ఏ నిమిషంలో లేచిందో నేను కాగితం మీద రాసుకునేవాణ్ణి. మేమిద్దరం చేసే విశ్లేషణలకంటే అది నిక్కమైన కొలత అనిపించింది.

బిట్‌కాయిన్ తవ్వకాల మీద కౌబాయ్ బాణీలో తీసిన భాగానికి తొమ్మిదో నిమిషంలో లేచింది. టీకాల మీద తీసినదానికి ఆరో నిమిషం. 2021 మే నెలలో మా వీధిలో వారం తేడాతో రెండిళ్ల ముందు షామియానాలు వేశారు. అది ఒక కారణం కావచ్చు. కానీ అసలు చిక్కు, ఆ జోకులన్నీ అప్పుడే ఫోన్లలో చూసి, నవ్వి, చెరిపేసినవి. బొమ్మల కార్యక్రమం రాసి, గీసి, గొంతులు కలిపి బయటికి తేవడానికి దాదాపు ఏడాది పడుతుంది. వార్త వెంట పరిగెత్తడం దాని ఒంటికి పడదు.

పాత ఫ్యూచరామా మన కాలాన్ని వెయ్యేళ్ల దూరం నుంచి చూసేది. మొదటి రోజుల్లో వచ్చిన ఒక భాగంలో చంద్రుడి మీద వినోదాల పార్కు ఉంటుంది. మనిషి అక్కడికి మొదట ఎలా వెళ్లాడో అందరూ మరిచిపోయారు. తిమింగలాల వేటగాళ్లు వెళ్లారని బొమ్మలు పెట్టి పాటలు పాడిస్తుంటారు. ఇంకో దాంట్లో ఫ్రై బ్యాంకు ఖాతాలో మిగిలిన 93 సెంట్లు వెయ్యేళ్ల వడ్డీతో 430 కోట్ల డాలర్లవుతాయి. మా మిత్రుడు ఏటా చక్రవడ్డీ పాఠాన్ని దీనితోనే మొదలుపెడతాడు. రెండుంపావు శాతం, వెయ్యి సంవత్సరాలు. పిల్లలు క్యాలిక్యులేటర్ నొక్కి నోరు తెరుస్తారట. లెక్క సరిగ్గా సరిపోతుంది. హాస్యం రాసేవాళ్లు ఆపాటి శ్రద్ధ పెట్టారు. ఆ దూరం, ఆ శ్రద్ధ కొత్తవాటిలో చాలాచోట్ల లేవు. నిరుటి పేపరు చదువుతున్నట్టుంటుంది.

ఇదీ మొదటి నెలల్లో నా తీర్పు. అయితే అదే 2023లో వచ్చిన ఇంకో భాగం దగ్గర మా కాగితం తలకిందులైంది.

2003 జనవరిలో వచ్చిన ఒక పాత భాగంలో, కిఫ్ అనే పచ్చటి, మెత్తటి సైనికాధికారి గర్భం దాలుస్తాడు. వాళ్ల లోకంలో అది మామూలే. పిల్లలు తోకకప్పల్లా చిత్తడి నీళ్లలోకి ఈదుకుంటూ పోతారు. అతను ప్రేమించిన ‘ఏమీ’ అనే అమ్మాయి, తల్లినయ్యే ధైర్యం తనకింకా లేదని కుమిలిపోతుంది. పిల్లలకు కాళ్లు మొలిచి నేల మీదికి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, అప్పటికి సిద్ధమవుతానంటుంది. నేను చూసినప్పుడు నాకు ఇరవై ఒకటి. ఇరవై ఏళ్లు అనే మాట వట్టి జోకుగా వినిపించింది. కార్యక్రమం ఆగింది, లేచింది, మళ్లీ ఆగింది, మళ్లీ లేచింది. 2023లో, సరిగ్గా ఇరవై ఏళ్లకు, ఆ పిల్లలు గట్టెక్కారు.

ఏమీ ముఖం మీద ఆ క్షణంలో ఉండే కంగారు మా ఆవిడ గుర్తుపట్టింది. పురిటి తర్వాత పుట్టింటి నుంచి మా ఇంటికొచ్చిన రోజు తన మొహం అలాగే ఉందని అంది. పిల్లలు ఏడుస్తారు, పాకుతారు, ఎవరి మాటా వినరు, ఏమీకి ఏదీ చేతకాదు. ఇందులో తెలివితేటలేమీ లేవు, ఏ వార్త మీదా విసురు లేదు. ఆవిడ చివరిదాకా లేవలేదు. రూపాయి బిళ్ల ప్రకారం ఆ రాత్రి పాత భాగం తర్వాత రావాలి. ఎవరికీ పెట్టబుద్ధి కాలేదు.

గొంతుల గురించి కొంచెం. 1999లో పలికినవాళ్లే ఇప్పటికీ పలుకుతున్నారు. 2022లో మళ్లీ తీస్తున్నట్టు ప్రకటించినప్పుడు బెండర్ గొంతు జాన్ డిమాజియో మాత్రం ఒప్పందం కుదరక బయటే ఉన్నాడు. నెల తిరక్కుండా సర్దుకున్నారు. బెండర్‌కు వేరే గొంతు పెట్టి ఉంటే ఈ సమీక్షే ఉండేది కాదు. ఫ్రై, ప్రొఫెసర్, డాక్టర్ జాయిడ్‌బర్గ్ ముగ్గురూ బిల్లీ వెస్ట్ ఒక్కడే. ఆయనకు డెబ్బై దాటాయి. ఫ్రై కేక పెట్టినప్పుడు చివర్లో గరుకు తగులుతుంది. ఇరవై అయిదేళ్ల కుర్రాడి నోట్లోంచి పెద్దమనిషి తొంగిచూస్తాడు. ప్రొఫెసర్‌కు మాత్రం వయసు కలిసొచ్చింది.

2024 సెప్టెంబరు 1 ఆదివారం మేం ఏమీ చూడలేదు. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. మా చెల్లెలి ఇల్లు అక్కడే, కింది అంతస్తు. డీవీడీ పెట్టెలు నాలుగూ మేనకోడలు అడిగిందని వాళ్లింట్లోనే ఉన్నాయి. పడవ మీద బయటపడి తల్లీకూతుళ్లు మా ఇంటికొచ్చారు, నీళ్లు తీసి ఇల్లు ఆరేదాకా ఇక్కడే ఉన్నారు. తర్వాత మేం వెళ్లి చూస్తే బీరువా కింది అరలో పెట్టెలు బురద ఇటుకల్లా ఉన్నాయి. అట్టలు చేతిలో విడిపోయాయి. డిస్కులను బకెట్టులో నానబెట్టి, వంటసబ్బుతో కడిగి, పాత నూలు ధోవతి గుడ్డతో తుడిచి మేడ మీద నీడన ఆరబెట్టాం. రెండు తప్ప అన్నీ ఆడాయి. ఇన్నాళ్ల వాడకం మీద చెబుతున్నాను, ఆ డిస్కులు గట్టివి.

ఆ పోయిన రెండింటిలో ఒకటి కుక్క భాగం ఉన్న డిస్కు. ఫ్రై పెంచుకున్న కుక్క శిలాజమై దొరుకుతుంది. ప్రొఫెసర్ బతికిస్తానంటాడు. తను పోయాక అది చాలా ఏళ్లు బతికిందని, తనను మరిచిపోయి హాయిగా ఉండి ఉంటుందని ఫ్రై వద్దంటాడు. ఆఖరి నిమిషంలో అది పిజ్జా దుకాణం ముందు పన్నెండేళ్లు ఎదురుచూస్తూ కూర్చోవడం మనకు చూపిస్తారు, ఫ్రైకి కాదు. తర్వాత వచ్చిన మొదటి డీవీడీ సినిమాలో, కాలంలో వెనక్కి వెళ్లిన మరో ఫ్రై ఆ కుక్కతోనే ఉన్నాడని కథ మార్చారు. జాలిపడి చేశారు. నాకు మాత్రం మెత్తబడటం 2023లో కాదు, అక్కడే మొదలైంది.

మేనకోడలు డిగ్రీ రెండో సంవత్సరం. పాత ఫ్యూచరామా ఆగిపోయాక పుట్టిన పిల్ల. మా ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో నా ‘నిరుటి పేపరు’ సిద్ధాంతాన్ని విని, 2001 నాటి భాగం ఒకటి చూస్తూ, "మామయ్యా, నాప్‌స్టర్ అంటే ఏమిటి?" అని అడిగింది. చెప్పాను. పాటలు ఉచితంగా దింపుకునే చోటు, అప్పట్లో కోర్టుల దాకా వెళ్లింది. "అంటే అది కూడా అప్పటి వార్తే కదా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ భాగంలో ఫ్రై ఒక సినిమా నటి రూపాన్ని ఒక రోబోలోకి దింపుకుని, ఆ రోబోతో ప్రేమలో పడతాడు. స్నేహితులు అతణ్ణి కూర్చోబెట్టి, రోబోలను ప్రేమించవద్దని హెచ్చరించే పాతకాలపు ప్రచార చిత్రం చూపిస్తారు. నేను 2005లో దాన్ని వెర్రి ఊహగా చూసి నవ్వాను. మేనకోడలు పడీ పడీ నవ్వింది, తన క్లాసులో ఒకమ్మాయి రాత్రిళ్లు ఫోనులోని ఏఐతో కబుర్లు చెప్పుకుంటుందట. నాప్‌స్టర్ పోయింది, జోకు మిగిలింది. బిట్‌కాయిన్ భాగం కూడా 2045లో ఇలాగే పనికొస్తుందేమో. ఇప్పటికి మాత్రం నా మార్కులు నావే.

పాతదంతా బంగారమనే వాదనకు మా మిత్రుడి దగ్గర వేరే విరుగుడు ఉంది. అతనికి ప్రాణమైన భాగం 2010 నాటిది, అంటే మొదటిసారి బతికించినప్పటిది. అందరి మనసులూ వేరేవాళ్ల శరీరాల్లోకి మారిపోతాయి. ఒకసారి మార్చుకున్న జంట మళ్లీ మార్చుకోవడానికి వీల్లేదు. ఎలా సర్దాలి? ఆ భాగం రాసిన కెన్ కీలర్ అనువర్తిత గణితంలో హార్వర్డ్ డాక్టరేట్ తీసుకున్నవాడు. కథ కోసం ఒక సిద్ధాంతాన్ని కొత్తగా నిరూపించాడు. ఎంతమంది కలగాపులగమైనా, మార్పిడిలో పాల్గొనని మరో ఇద్దరుంటే చాలు, అందరినీ ఎవరి చోటికి వాళ్లను చేర్చవచ్చు.

నమ్మని మేనకోడలి ముందు మిత్రుడు నాలుగు స్టీలు గ్లాసులు పెట్టాడు. మొదటి దాంట్లో రెండో గ్లాసు నాణెం, రెండో దాంట్లో మొదటి దాని నాణెం. మూడు, నాలుగు సాయం వచ్చినవి. ఒకటీ మూడూ మార్చాడు. రెండూ నాలుగూ. ఒకటీ నాలుగూ. రెండూ మూడూ. మొదటి రెండు గ్లాసుల్లో ఎవరి నాణెం వాళ్లకు చేరింది. సాయం వచ్చిన రెండూ ఇప్పుడు తారుమారుగా ఉన్నాయి, కానీ అవి ఒకదానితో ఒకటి ఇంతవరకూ మార్చుకోలేదు. మార్చాడు. అయిదు కదలికల్లో పని పూర్తయింది. మేనకోడలు ముగ్గురితో, నలుగురితో ప్రయత్నిస్తూ రాత్రి పన్నెండు దాటించింది. మూడో జన్మలో ఇంత సొగసైనది నాకు తగల్లేదు. మిత్రుడు ఒప్పుకోడు. 2023 ఆఖరి భాగంలో ప్రొఫెసర్ ఒక యంత్రంలో మొత్తం విశ్వానికి నకలు చేయడం, మనమూ అలాంటి నకలేనేమోనని బెండర్ బెంగపెట్టుకోవడం దీనికి సమానమంటాడు.

2013లో ముగింపు అనుకున్న భాగంలో కాలం ఆగిపోయి, ఫ్రై, లీల ఇద్దరే ఆ నిశ్చల లోకంలో ముసలివాళ్లవుతారు. చివర్లో ప్రొఫెసర్ వచ్చి వెనక్కి తిప్పుతానంటాడు. మళ్లీ మొదటి నుంచి తిరుగుదామా అని ఫ్రై అడుగుతాడు, లీల సరేనంటుంది. అంత చక్కటి చోట ఆగినదాన్ని 2023లో అక్కడి నుంచే కదిలించారు. మొదటి భాగంలోనే ఫ్రై ప్రపంచంలోని టీవీ అంతా చూడాలని కూర్చుంటాడు, ఆగిపోయిన ధారావాహికను అతని కోసం మళ్లీ తీయిస్తారు. తమను తామే ఎగతాళి చేసుకుని ముందే చెంపలు వేసుకోవడం. ఒకసారికి బాగుంది.

2025 సెప్టెంబరులో పది భాగాలూ ఒకేసారి వదిలారు. మిర్చి బజ్జీలు పది వరసగా తిన్నవాడికి పదోదాని రుచి తెలియదు. మేం మాత్రం వారానికొకటే చూశాం.

మొత్తం 30 కొత్త భాగాలు అయ్యాక ముగ్గురం మళ్లీ చూడదగినవి విడివిడిగా రాశాం. నావి ఏడు, మిత్రుడివి నాలుగు, మేనకోడలివి పదమూడు. మూడు జాబితాల్లోనూ ఉన్నవి రెండే: కిఫ్ పిల్లలు, నకలు విశ్వం. సమీక్షకు ముగింపు దొరికిందని సంబరపడి, చివరి సాక్ష్యంగా నా కాగితం తెచ్చి మా ఆవిడకు చూపించాను. 30కి 19 సార్లు మధ్యలో లేచినట్టు లెక్క.

ఆవిడ కాగితం చదివి, "పాతవాటికి లేచినవి ఎక్కడ రాశారు?" అంది.

"వాటికి కూడా లేచావా?"

"పెళ్లయిన కొత్తలో మొహమాటానికి కూర్చున్నాను. ఈ రెండేళ్లుగా లేస్తూనే ఉన్నాను. మీరు తెర వంక చూస్తున్నారు."

వచ్చే ఆదివారం నుంచి కాగితం మీద రెండు గళ్లు గీస్తున్నాను.