జాగ్రత్త: బార్బడోస్ మెడిసిన్ ‘అన్నీ కలిపిన ప్యాకేజీ’కి డబ్బు కట్టే ముందు

కరీబియన్ దీవి బార్బడోస్‌లో మెడికల్ సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలు సీటు ఒక్కటే అమ్మడం లేదు. హాస్టల్, మెస్, ఫ్లైట్ టికెట్, వంట సామాను కిట్, ఎయిర్‌పోర్ట్ పికప్ అన్నీ కలిపి ఒకే మొత్తం చెప్పి, ఏడాది డబ్బు ముందే కట్టించుకుంటున్నాయి. కొత్త దేశం, పిల్లలు చిన్నవాళ్లు, అన్నీ వాళ్లే చూసుకుంటారు కదా అని తల్లిదండ్రులు ఒప్పుకుంటున్నారు. దయచేసి అలా కొనకండి. ఏ ముక్కకు ఎంత కట్టారో కాగితం మీద లేనప్పుడు, దీవిలో దిగాక గది బాగోలేదన్నా, మెస్ మూసేశారన్నా, ఎంత వెనక్కి అడగాలో కూడా మీకు తెలియదు. అది వాళ్లకూ తెలుసు.

ముందు సీటు సంగతి. అది తేలకుండా గది గురించి, మిక్సీ గురించి మాట్లాడుకోవడం దండగ.

చదువయ్యాక మన దేశంలో ప్రాక్టీసు చేయాలంటే 2021 నవంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆ తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ సంస్థలో చేయాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. అక్కడి పౌరులతో సమానంగా అక్కడ ప్రాక్టీసు చేయడానికి ఆ డిగ్రీ పనికిరావాలి. చేరిన నాటి నుంచి పదేళ్లలో అంతా పూర్తి కావాలి. వీటన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది ఇంకొకటుంది: ఏ దేశం డిగ్రీ ఇస్తుందో, శిక్షణలో ఏ భాగమూ ఆ దేశం దాటి జరగకూడదు. కరీబియన్ కాలేజీల పాత పద్ధతేమో రెండేళ్లు దీవిలో బేసిక్ సైన్సెస్, తర్వాత క్లినికల్ రొటేషన్లు, అంటే ఆసుపత్రి వార్డుల్లో శిక్షణ, అమెరికాలోనో ఇంకెక్కడో. అమెరికాలోనే స్థిరపడాలనుకునే వారికి ఆ దారి సరిపోవచ్చు. తిరిగి వచ్చి ఎఫ్‌ఎంజీఈ (విదేశీ మెడికల్ డిగ్రీ ఉన్నవారికి ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష) రాయాలనుకునే వారికి మాత్రం తలుపు అక్కడే మూసుకుపోతుంది.

అందుకే అడగాల్సిన ప్రశ్న ఇది: మూడో ఏడాది నుంచి పిల్లలు ఏ ఆసుపత్రిలో ఉంటారు? బార్బడోస్ జనాభా మూడు లక్షల లోపు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఒక్కటే, బ్రిడ్జ్‌టౌన్‌లోని క్వీన్ ఎలిజబెత్ హాస్పిటల్. దాన్ని బోధనాసుపత్రిగా వాడుకునేది యూనివర్సిటీ ఆఫ్ ద వెస్టిండీస్. కొత్తగా పెట్టిన ప్రైవేటు కాలేజీ పిల్లలు నేర్చుకోవడానికి రోగుల పడకలు ఎక్కడివి? ఆసుపత్రితో చేసుకున్న ఒప్పందం కాపీ చూపించమనండి. ‘అవన్నీ తర్వాత చూసుకోవచ్చు’ అంటే లేచి వచ్చేయండి.

‘ఎన్‌ఎంసీ అప్రూవ్డ్’ అని ఫ్లెక్సీ కట్టినవాళ్లను అసలు నమ్మకండి. విదేశీ కాలేజీలకు ఆమోదం ఇచ్చే పని ఆ కమిషన్ చేయదు. ‘వరల్డ్ డైరెక్టరీలో ఉంది’ అన్నదీ ఆమోదం కాదు, ప్రపంచ మెడికల్ కాలేజీల ఆ ఆన్‌లైన్ జాబితాలో పేరుంది అన్నంతే. బార్బడోస్ అక్రెడిటేషన్ కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ కావడం వేరు, అక్రెడిటేషన్ పొందడం వేరు. మెడికల్ కోర్సుల నాణ్యత చూడటానికి కారికామ్ (కరీబియన్ దేశాల కూటమి) దేశాలు పెట్టుకున్న సంస్థ సీఏఏఎం-హెచ్‌పీ. ఏ కాలేజీ ఏ స్థితిలో ఉందో దాని వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది. కాలేజీ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా సరిపోల్చుకోండి, దగ్గర దగ్గర పేర్లు చాలా ఉంటాయి. ప్రీ-మెడ్ (డాక్టరు కోర్సుకు ముందు చదివించేది) నెలలను తీసేసి, ఎండీ కోర్సు (అక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది) ఒక్కటే 54 నెలలు ఉందో లేదో కూడా లెక్క కట్టండి.

ఇక డబ్బు. బార్బడోస్ డాలర్ 1975 నుంచి అమెరికా డాలర్‌కు రెండు చొప్పున కట్టేసి ఉంది. అక్కడి ఇంటి యజమాని, దుకాణదారు రాసేది వట్టి డాలర్ గుర్తు. మోసం ఇక్కడే మొదలవుతుంది. గది అద్దె నెలకు 900 అని ఫొటో చూపిస్తారు, అది స్థానిక డాలర్లలో. మీ దగ్గర వసూలు చేసేది 900 అమెరికా డాలర్లు. ఒక్క మాట మింగేస్తే అద్దె రెట్టింపవుతుంది. రసీదు మీద, ఒప్పందం మీద, వాట్సాప్ మెసేజ్‌లో కూడా అంకె పక్కన ఏ దేశం డాలరో రాయించండి. రాయమంటే నసిగినవాళ్లకు డబ్బు ఇవ్వకండి.

గదికి ఏడాది అడ్వాన్స్ అవసరమే లేదు. మొదటి నెల అద్దె, ఒక నెల డిపాజిట్‌తో మొదలుపెట్టండి. పిల్లలు వెళ్లి చూశాక మిగతాది. చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇక్కడ కూర్చుంటే తట్టనివి.

మొదటిది కరెంటు. దీవిలో కరెంటు ఎక్కువ భాగం దిగుమతి చేసుకున్న ఇంధన నూనెతో తయారవుతుంది. నూనె ధరను బట్టి ప్రతి నెలా బిల్లులో సర్దుబాటు చార్జీ మారుతుంటుంది. యూనిట్ ధర మన ఇళ్లలో కట్టేదానికి మూడు రెట్లకు పైనే ఉంటుందనుకుని లెక్క వేసుకోండి. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది, రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 240 యూనిట్లు. ‘కరెంటుతో కలిపి’ అన్న ప్యాకేజీలో ఏసీ కూడా ఉందా, ఎన్ని యూనిట్ల వరకు, దాటితే ఎంత, నలుగురి గదులకు మీటరు ఒకటేనా అన్నది రాతలో ఉండాలి. ఒకటే మీటరైతే రాత్రంతా ఏసీ వేసుకునేవాడి బిల్లు ఫ్యాను వేసుకున్నవాడు కట్టాల్సి వస్తుంది.

రెండోది సముద్రం. ‘బీచ్‌కు రెండు నిమిషాలు’ అన్నది మన పిల్లలను బాగా లాగుతుంది. కానీ 2011 నుంచి అట్లాంటిక్‌లో సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు గుట్టలు గుట్టలుగా కొట్టుకొచ్చి, ముఖ్యంగా తూర్పు, ఆగ్నేయ తీరాల్లో కుళ్లుతోంది. కుళ్లినప్పుడు వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. తలనొప్పి, కళ్లమంట తెస్తుంది, ఏసీ, ఫ్రిజ్‌ల రాగి గొట్టాలను తినేస్తుంది. వేసవిలో ఆ గది ఎలా ఉంటుందో ఇప్పుడు అక్కడున్న విద్యార్థులను అడగండి, ఏజెంటును కాదు.

మూడోది గాలివాన. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల కాలం. బార్బడోస్ దీవుల వరుసకు తూర్పున విడిగా ఉండటం వల్ల దెబ్బ తక్కువే, కానీ లేకపోలేదు. 2021 జులైలో ఎల్సా వచ్చి ఇళ్ల కప్పులు లేపింది, 2024లో బెరిల్ పక్కగా వెళుతూనే చేపల పడవలను ముక్కలు చేసింది. కిటికీలకు షట్టర్లు ఉన్నాయా, కప్పు రేకా స్లాబా, నీళ్ల ట్యాంకు ఉందా చూడాలి. తుపాను వల్ల తరగతులు ఆన్‌లైన్ అయితే హాస్టల్, మెస్ డబ్బు ఎంత తిరిగిస్తారో కూడా ఒప్పందంలో ఉండాలి.

ప్యాకేజీలో మంచినీళ్ల క్యాన్ల చార్జీ వేస్తే తీసేయించండి. అక్కడి కుళాయి నీళ్లు సున్నపురాయి పొరల కింద నుంచి తోడినవి, తాగవచ్చు. సున్నం పేరుకుని కెటిల్ తెల్లబడుతుందంతే. సరఫరా ఆగి మళ్లీ వచ్చినప్పుడు మాత్రం కాచుకుని తాగాలి. బస్సు చార్జీ దూరంతో పని లేకుండా మూడున్నర బార్బడోస్ డాలర్లు. నీలం ప్రభుత్వ బస్సులు చిల్లర ఇవ్వవు. ఏజెంటు చెప్పే ‘ట్రాన్స్‌పోర్ట్ ఫీజు’ను నెల బస్సు ఖర్చుతో పోల్చాకే ఒప్పుకోండి.

ఇప్పుడు కిట్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ డబ్బు నూటికి నూరుపాళ్లూ నీళ్లపాలు. ‘కరీబియన్ కిట్’ పేరుతో మిక్సీ, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె మన ఊళ్లోనే కొని అంటగడతారు. మన దగ్గర కరెంటు 230 వోల్టులు. బార్బడోస్‌లో 115, అమెరికా తరహా బల్లపరుపు పిన్నుల సాకెట్. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 700 వాట్ల రైస్ కుక్కర్ అక్కడ 175 వాట్లే ఇస్తుంది. బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. మిక్సీ గిర్రున తిరగదు, మినప్పప్పు వేస్తే మోటారు మూలుగుతూ ఆగుతుంది. పిన్ను మార్చే అడాప్టర్‌తో వోల్టేజీ మారదు, ఈ తేడా తెలియకే చాలామంది మోసపోతున్నారు. 110ని 220 చేసే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు. 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్లది కావాలి, ఆ బరువు సూట్‌కేసులో మోయడం తెలివైన పని కాదు. అమెరికా వెళ్లేవారి కోసం మన కంపెనీలే తయారుచేసే 110 వోల్టుల మిక్సీ కొనుక్కోండి. కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె అక్కడే కొనుక్కోవాలి. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్ల మీద 100-240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. మన ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళితే గుర్తుంచుకోండి, 10 ఆంపియర్లు అంటే అక్కడ 1150 వాట్లే. కెటిల్, కుక్కర్ కలిపి పెడితే వైరు వేడెక్కుతుంది.

గ్రెనడా, సెయింట్ లూసియాల్లో అయితే 230 వోల్టులే, బ్రిటిష్ మూడు చదరపు పిన్నుల సాకెట్. కాబట్టి అన్ని దీవులకూ ఒకే కిట్ అమ్మేవాడు ఏ దీవీ చూడలేదని అర్థం.

స్టవ్ మీది ప్రెషర్ కుక్కర్ మాత్రం తప్పక పట్టుకెళ్లండి, రెండు గాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వ్, ఒక వెయిట్ అదనంగా. గదిలో ఇండక్షన్ ఉంటే అల్యూమినియం కుక్కర్ పనికిరాదు, అడుగు అయస్కాంతం అంటుకునే స్టీలుదై ఉండాలి. మిలటరీ రంగుల మచ్చల ప్యాంటు, టోపీ, బ్యాగు పెట్టకండి. బార్బడోస్‌లో పౌరులు అవి వేసుకోవడం చట్టవిరుద్ధం, చిన్నపిల్లలకైనా సరే.

మెస్‌కు ఏడాది ముందే కట్టడం కూడా అనవసరం. దిగుమతి సరుకు కావడంతో తిండి ఖరీదే, వ్యాట్ 17.5 శాతం. అయినా వంట చేసుకోవచ్చు. గయానా బియ్యం, పసుపు బఠానీ పప్పు, శనగలు, బెండకాయలు సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. కంది అక్కడి పంటే, ‘పిజన్ పీస్’ అంటారు, ఏడాది చివర్లో పచ్చి కందికాయలు వస్తాయి. మిరపకాయ బదులు దొరికే స్కాచ్ బానెట్ మన పచ్చిమిర్చి కంటే చాలా ఘాటు, సాంబారుకు పావు ముక్క చాలు. సూరత్ వైపు నుంచి వచ్చి తరాలుగా స్థిరపడ్డ గుజరాతీ కుటుంబాలు బ్రిడ్జ్‌టౌన్‌లో ఉన్నాయి. మసాలాలు ఎక్కడ దొరుకుతాయో వాళ్లనడిగితే చెబుతారు. మెస్‌కు నెలనెలా కట్టండి, సెలవుల్లో మూసిన వారాలకు డబ్బు తగ్గించాలని ముందే రాయించుకోండి. పచ్చి కరివేపాకు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు సామాన్లలో పెట్టకండి. మధ్యలో దిగే దేశంలోనైనా, అక్కడైనా తీసి పారేస్తారు.

టికెట్ దగ్గర జరిగే నష్టం మరీ ఘోరం, బోర్డింగ్ దగ్గరే ఆపేస్తారు. భారతీయులకు బార్బడోస్ సందర్శనకు వీసా అక్కర్లేదు కదా అని దారి వీసా సంగతి ఎవరూ చెప్పరు. అమెరికా మీదుగా వెళితే ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారే వీలే లేదు, సీ-1 ట్రాన్సిట్ వీసా కావాలి. లండన్‌లో హీత్రూలో దిగి గాట్విక్ నుంచి ఎక్కాల్సి వస్తే బ్రిటన్‌లోకి ప్రవేశించినట్టే, దానికి తగ్గ వీసా ఉండాలి. ఒకే విమానాశ్రయంలో మారినా, అమెరికా, కెనడా వంటి దేశాల వీసా లేనివారికి మామూలుగా ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా తప్పదు. చవకగా వస్తుందని రెండు వేర్వేరు పీఎన్‌ఆర్‌లతో టికెట్లు తీస్తే సామాను బయటకు వెళ్లి తీసుకోవాలి, అంటే మళ్లీ వీసా. అందుకే గ్రూప్ టికెట్‌కు డబ్బు ఇచ్చే ముందు పూర్తి దారి, విమానాశ్రయాల పేర్లతో, చేతికి రావాలి. ఇంకో మాట, వీసా లేకుండా దిగడం అంటే చదువుకునే అనుమతి కాదు. విద్యార్థి అనుమతి అక్కడి ఇమిగ్రేషన్ శాఖ విడిగా ఇస్తుంది. దానికి ఎవరు, ఎప్పుడు దరఖాస్తు చేస్తారో, ఫీజు ఎవరిదో రాయించుకోండి.

డబ్బు పంపేటప్పుడు ట్యూషన్ ఫీజు మీ బ్యాంకు నుంచి నేరుగా కాలేజీ ఖాతాకే వెళ్లాలి. కన్సల్టెన్సీకి చెల్లించేది వాళ్ల సేవకు మాత్రమే, జీఎస్టీ బిల్లుతో. వ్యక్తుల ఖాతాకు, యూపీఐకి, చేతికి నగదుగా ఒక్క రూపాయి వద్దు. టికెట్, గది, మెస్, సేవ అని నాలుగు వేర్వేరు రసీదులు అడగండి.

ఇప్పటికే కట్టేసి ఇరుక్కున్నవాళ్లు ఊరుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, కన్సల్టెన్సీ ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు జిల్లా కమిషన్ వింటుంది, 5 లక్షల వరకు ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయండి. బ్రోచర్, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, గది ఫొటోలు తేదీతో సహా జత చేయండి. పిల్లలు అక్కడే ఉంటే గది ఖాళీ చేయకముందే ఫొటోలు, మీటరు రీడింగ్ తీయించి పెట్టుకోండి. ఒకే ఏజెంటు దగ్గర కొన్న కుటుంబాలన్నీ కలిసి కమిషన్ అనుమతితో ఉమ్మడిగా కూడా ఫిర్యాదు చేయవచ్చు.